నల్లమందు నీళ్ళ వెంట ఆరు రోజులు

పాఠం చెబుతుంటే ఒక పిల్ల లేచి అడిగింది. "టీచర్, ఇంగ్లీషువాళ్ళు చైనాకి నల్లమందు అమ్మారన్నారు కదా, ఆ నల్లమందు ఎక్కడ పండింది?" మన దేశంలోనేనమ్మా అన్నాను. "మరి చైనావాళ్ళు ఆపలేదా?" ఆపబోయారు, అందుకే యుద్ధం వచ్చింది అన్నాను. బెల్లు కొట్టేశారు. ఆ జవాబు సరిపోలేదని నాకు తెలుసు. చాలా ఏళ్ళుగా విజయనగరంలో సోషల్ చెబుతున్నాను. ఈ ఒక్క పాఠం దగ్గర ఎప్పుడూ తొందరగా దాటేసేదాన్ని.

మా తమ్ముడు హాంకాంగ్ పక్కనున్న చైనా నగరం షెన్‌జెన్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. "వేసవి సెలవుల్లో రా అక్కా, ఆ చోట్లన్నీ నేను చూపిస్తాను" అన్నాడు. బడి తెరిచేలోగా, జూన్ మొదట్లో బయల్దేరాను.

మొదటి రోజు: హాంకాంగ్, మా వాన్

మనవాళ్ళు హాంకాంగ్ వెళ్ళాలంటే ముందే ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవాలి. ఆ కాగితం ప్రింటు తీసి పట్టుకెళ్ళాను. ఎయిర్‌పోర్టు దాటగానే విశాఖ బీచ్ రోడ్డు గాలే తగిలింది. అదే ఉక్కపోత, అదే ఉప్పు వాసన.

ఊళ్ళో చూడాల్సినవి చాలా ఉన్నా సెంట్రల్‌లో ఫెర్రీ ఎక్కి నేరుగా మా వాన్ దీవికి పోయాను. పెద్ద వేలాడే వంతెన కింద ఉన్న చిన్న దీవి అది. పాత జాలరిపల్లె వైపు నడిస్తే కొన్ని శాసనపు రాళ్ళు కనిపిస్తాయి. ఒకదాని మీద చైనీస్ అక్షరాల్లో "కౌలూన్ కస్టమ్స్" అని ఉంది. ఫోన్‌తో చదివించుకున్నాను. ఇంకో రాయి మీద ఉన్నది, కస్టమ్స్ వాళ్ళు దారి కోసం ఏడడుగుల నేల అరువు తీసుకున్నారన్న మాట.

కథ చివరి భాగం నాకు ముందు దొరికింది. 1858లో, రెండో నల్లమందు యుద్ధం నడుస్తుండగా, చైనా నల్లమందుని చట్టబద్ధం చేయాల్సి వచ్చింది. పెట్టెకి 30 తాయెల్‌ల వెండి సుంకం పెట్టారు (తాయెల్ అంటే సుమారు 37 గ్రాములు). హాంకాంగ్ ఏమో సుంకాల్లేని రేవు. అక్కడ దిగిన సరుకుని చిన్న చిన్న తెరచాప పడవల్లో ఎక్కించి, సుంకం ఎగ్గొట్టి రాత్రికి రాత్రే తీరం చేర్చేవారు. దాంతో 1860ల చివర్లో కాంటన్ (ఇప్పటి గ్వాంగ్‌జౌ) అధికారులు హాంకాంగ్ చుట్టూ కాపలా ఓడలు తిప్పారు. దారి కాసే చోట్ల ఠాణాలు పెట్టారు. మా వాన్ అలాంటి ఒక ఠాణా. హాంకాంగ్ వ్యాపారులు దీన్ని "దిగ్బంధం" అని లండన్ దాకా మొర పెట్టుకున్నారు. చివరికి 1886లో ఒప్పందం కుదిరింది. 1887లో రాబర్ట్ హార్ట్ అనే బ్రిటిషాయన నడిపే చైనా సముద్ర కస్టమ్స్ కింద కౌలూన్ కస్టమ్స్ ఏర్పడింది.

ఆ రాయి ముందు కాసేపు కూర్చున్నాను. 1887 నాటికి దొంగ రవాణా ఆపడమంటే నల్లమందుని ఆపడం కాదు, సుంకం వసూలు చేయడమే. మందు మనుషుల్ని తినేస్తూనే ఉంది, లెక్క మాత్రం సరిగ్గా రాస్తున్నారు. యాభై ఏళ్ళ ముందు ఒక మనిషి దీన్ని మొత్తంగా ఆపాలనుకున్నాడు. ఆయన కోసమే నేను వచ్చింది.

రెండో రోజు: మకావు

హాంకాంగ్ నుంచి మకావుకి సముద్రం మీద వంతెన వేశారు కదా, బస్సులో వెళ్ళాను. మకావుకి మనకి ముందుగా వీసా అక్కర్లేదు, పాస్‌పోర్టు చూపిస్తే 30 రోజులు ఉండనిస్తారు. కాసినోల వైపు పోకుండా సిటీ బస్సెక్కి ఉత్తరాన ఉన్న లిన్ ఫుంగ్ గుడికి చేరుకున్నాను.

గుడి ఆవరణలో లిన్ జెషు విగ్రహం, పక్కనే ఆయన పేరు మీద చిన్న మ్యూజియం. 1785లో ఫుజియాన్‌లో పుట్టాడు. పరీక్షలు రాసి ఒక్కో మెట్టూ ఎక్కి రాష్ట్రాలని ఏలే గవర్నర్ జనరల్ అయ్యాడు. 1838 చివర్లో చక్రవర్తి దావోగ్వాంగ్ ఆయన్ని నల్లమందు సంగతి తేల్చమని ప్రత్యేక కమిషనర్‌గా కాంటన్‌కి పంపాడు. 1839 సెప్టెంబర్ 3న మకావు వచ్చి, ఈ గుడిలోనే పోర్చుగీసు అధికారులతో మాట్లాడాడు. మీ ఊళ్ళో నల్లమందు దాచనివ్వకండి, ఇంగ్లీషువాళ్ళ పక్షం పట్టకండి అన్నది ఆ మాటల సారం. చుట్టూ సముద్రం ఉన్న చోట, పరాయివాళ్ళ ఏలుబడిలో ఉన్న ఊరికి స్వయంగా వచ్చి చెప్పిన పెద్ద అధికారి ఆయన. కాంటన్‌లో కూర్చుని ఉత్తర్వులు పంపి ఊరుకోలేదు. నాకు ఆయన మీద గౌరవం ఇక్కడే పెరిగింది.

సాయంత్రం గియా కొండ దగ్గర పార్సీల శ్మశానం వెతుక్కుంటూ వెళ్ళాను. గేటు మూసి ఉంది, బయటి నుంచే చూశాను. బొంబాయి నుంచి వచ్చిన పార్సీ వ్యాపారులు నల్లమందు, పత్తి తెచ్చి ఇక్కడే వ్యాపారం చేసి, కొందరు ఇక్కడే పోయారు. ఓడల యజమానులంతా తెల్లవాళ్ళే అని పిల్లలకి చెప్పకూడదని అప్పుడే అనుకున్నాను. జంషెట్‌జీ జీజీభాయ్ లాంటి పెద్దలు జార్డిన్ మాథెసన్ అనే బ్రిటిష్ కంపెనీతో కలిసి చేసిన వ్యాపారం ఇది. మధ్య భారతంలోని మాళ్వా నల్లమందు బొంబాయి మీదుగా, డామన్ మీదుగా ఓడలెక్కేది.

మూడో రోజు: జుహాయ్ నుంచి షెకో, దారిలో లింటిన్

పొద్దున్నే నడిచి గోంగ్‌బెయ్ గేటు దాటి చైనాలోకి వచ్చాను. చైనా వీసా మాత్రం ముందే తీసుకోవాలి. ఒకసారి ప్రవేశం సరిపోయేలా నా దారి వేసుకున్నాను. జుహాయ్‌లోని జియూజౌ రేవు నుంచి షెన్‌జెన్‌లోని షెకో రేవుకి ఫెర్రీ ఉంది. వాన పట్టుకుని ఫెర్రీ గంటన్నర ఆలస్యమైంది. అవతల తమ్ముడు ఎదురుచూస్తుంటాడని టెన్షన్ పడ్డాను గాని, వాన తగ్గాక బయల్దేరిన ఆ ప్రయాణమే నాకు అన్నిటికన్నా ఎక్కువ నేర్పింది.

గంట ప్రయాణం. సగం దాటాక ఎడమ వైపు మబ్బులో ఒక పచ్చటి కొండ తేలింది. నెయ్ లింగ్‌డింగ్ దీవి, పాత ఇంగ్లీషు రాతల్లో లింటిన్. ఇప్పుడది కోతుల అభయారణ్యం, అనుమతి లేనిదే దిగనివ్వరు. ఇరవై ఏళ్ళకి దగ్గరగా ప్రపంచంలోనే పెద్ద దొంగ సరుకు అంగడి ఈ కొండ చాటునే నడిచింది.

ఎలా నడిచిందో చెప్పాలి. పొగగా తాగే నల్లమందు అమ్మకం మీద చైనాలో 1729లోనే నిషేధం ఉంది. 1799లో దిగుమతినీ నిషేధించారు. ఈస్ట్ ఇండియా కంపెనీ ఆ మాట విన్నట్టే ఉంటూ తన ఓడల్లో మందు ఎక్కించడం మానేసింది. కాని బీహార్‌లో, కాశీ చుట్టుపక్కల రైతులకి అడ్వాన్సులిచ్చి గసగసాల పంట వేయించేది, పట్నా, ఘాజీపూర్ ఫ్యాక్టరీల్లో ఉండలు కట్టించేది, కలకత్తాలో వేలం వేసేది. పెట్టెకి 40 ఉండలు, బరువు 60 కిలోల పైన. వేలంలో కొన్నవాళ్ళు తమ ఓడల్లో ఎక్కడికి తీసుకుపోయినా కంపెనీకి సంబంధం లేదు. నేను దీన్ని మోసం అనే అంటాను, ఇంకో మాట లేదు.

1821లో కాంటన్ దగ్గర పట్టుబడులు ఎక్కువయ్యేసరికి ఓడలన్నీ లింటిన్‌కి జరిగాయి. పాత ఓడల్ని లంగరేసి తేలే గోదాములు చేశారు. కొనేవాడు కాంటన్‌లో వెండి కట్టి చీటీ తీసుకుంటాడు. ఆ చీటీతో రాత్రి పడవ వచ్చి సరుకు ఎక్కించుకుంటుంది. ఆ పడవల్ని "వేగపు ఎండ్రకాయలు" అనేవారు. రెండు వైపులా తెడ్లు, యాభై అరవైమంది తెడ్డేసేవాళ్ళు. సర్కారు పడవలు వాటిని అందుకోలేకపోయేవి.

అందుకోవాలని అనుకోలేదేమో కూడా. 1826లో కాంటన్‌లోని చైనా గవర్నర్ జనరల్ లీ హోంగ్‌బిన్ ప్రత్యేకంగా కాపలా పడవలు పెట్టించాడు. ఆ కాపలా పడవలే నెలకి 36,000 తాయెల్‌ల వెండి మామూలు తీసుకుని సరుకు వదిలేవని చైనా చరిత్రకారుడు వెయ్ యువాన్ రాశాడు. మన లెక్కలో 1300 కిలోలకి పైగా వెండి, ప్రతి నెలా. హాన్ జావోచింగ్ అనే నౌకాధికారి సంగతి ఇంకా దారుణం. పదివేల పెట్టెలు వదిలితే కొన్ని వందల పెట్టెలు తనకి ఇచ్చేట్టు ఒప్పందం. ఆ వందల పెట్టెల్ని "పట్టుకున్నాం" అని పైకి చూపించేవాడు. దొంగల్ని పట్టినందుకు మెచ్చి ఆయనకి ప్రమోషన్ ఇచ్చారు, నెమలి ఈక బహూకరించారు. కొన్నిసార్లు నౌకాదళం ఓడలే సరుకు మోశాయట. కాపలా పడవల్ని 1832లో తీసేశారు, 1837లో అప్పటి గవర్నర్ జనరల్ డెంగ్ టింగ్‌జెన్ మళ్ళీ పెట్టాడు. ఈయన నిజంగానే ఎండ్రకాయ పడవల్ని చాలావరకు పట్టి ధ్వంసం చేయించాడు. అప్పుడు విదేశీయులు తమ సొంత చిన్న పడవల్లోనే సరుకు పైకి తెచ్చారు. 1820 ప్రాంతంలో ఏటా నాలుగైదు వేల పెట్టెలు వచ్చేవి, 1838-39 నాటికి 40,000 వచ్చాయి.

కొండ వెనక్కి పోయేదాకా డెక్ మీదే నిలబడ్డాను. షెకోలో తమ్ముడు గొడుగుతో నిలబడి ఉన్నాడు. "ఏంటక్కా, ఏడ్చావా?" అన్నాడు. వాన నీళ్ళురా అన్నాను.

నాలుగో రోజు: హూమెన్

షెన్‌జెన్ ఉత్తర స్టేషన్ నుంచి హూమెన్‌కి బుల్లెట్ రైలు అరగంట కూడా పట్టలేదు. ట్యాక్సీలో నల్లమందు యుద్ధం మ్యూజియం దగ్గర దిగాం. ప్రవేశం ఉచితం. లోపల పాత ఫిరంగులు, లిన్ విగ్రహం, వెనక చెట్ల మధ్య చదరపు చెరువులు. ఆకుపచ్చ నీళ్ళు, చుట్టూ రాతి గట్టు, ఒక్కో వైపు సుమారు 50 మీటర్లు.

నేను ఇన్నేళ్ళూ పిల్లలకి "నల్లమందు తగలబెట్టారు" అని చెప్పాను. తప్పు చెప్పాను. తగలబెట్టలేదు.

లిన్ 1839 మార్చి 10న కాంటన్ చేరాడు. 18న విదేశీ వర్తకులకి ఆజ్ఞ: లింటిన్ దగ్గరున్న 22 ఓడల్లోని సరుకంతా అప్పగించండి, ఇక తేబోమని హామీపత్రం రాసివ్వండి, తెస్తే ప్రాణం పోతుంది. వాళ్ళు నాన్చారు. 24న వాళ్ళ కోఠీల (ఇళ్ళు, గోదాములు కలిసిన వర్తక భవనాల) చుట్టూ కాపలా పెట్టి, పనివాళ్ళని తప్పించాడు. బ్రిటిష్ వ్యాపార సూపరింటెండెంట్ చార్లెస్ ఇలియట్ మూడు రోజుల్లో లొంగి 20,283 పెట్టెలు ఇస్తామన్నాడు. కాని లొంగుతూ ఒక మెలిక పెట్టాడు. బ్రిటన్ ప్రభుత్వం నష్టపరిహారం ఇస్తుంది, సరుకు నాకివ్వండి అని వర్తకులకి చెప్పాడు. అంతటితో ఆ దొంగ సరుకు రాణిగారి సొత్తు అయిపోయింది. యుద్ధానికి విత్తనం అక్కడే పడింది. లిన్ ఏమో మంచి మనసుతో, అప్పగించిన పెట్టెకి ఐదు జిన్ల (జిన్ అంటే సుమారు 600 గ్రాములు) టీ ఇస్తానన్నాడు.

సరుకు హూమెన్ చేరింది. మొదట చక్రవర్తి దాన్నంతా బీజింగ్ పంపమన్నాడు. అంత దూరం మోయిస్తే ఎంత ఖర్చో, దారిలో ఎంత మాయమవుతుందో అని ఒక అధికారి గుర్తుచేస్తే, అక్కడే నాశనం చేయమన్నాడు. ఎలా? తగలబెడితే కరిగిన మందు నేలలోకి ఇంకుతుంది. ఆ మట్టిని తవ్వి మళ్ళీ మందు తీసేవాళ్ళున్నారు. లిన్ వాకబు చేసి తెలుసుకున్నాడు, ఉప్పు, సున్నం కలిస్తే మందు విరిగిపోతుందని.

చెరువులు తవ్వారు. అడుగున రాళ్ళు పరిచి, పక్కలకి చెక్కలు కొట్టారు, చుక్క కూడా నేలలోకి పోకుండా. నీళ్ళు నింపి ఉప్పు పోశారు. ఒక్కో ఉండని నాలుగు ముక్కలు కోసి అందులో వేసి సగం రోజు నాననిచ్చారు. ఆ తర్వాత కాల్చిన సున్నపు గడ్డలు. నీళ్ళు కుతకుత ఉడికాయి. పైన వేసిన పలకల మీద నిలబడి కూలీలు పారలతో కలియబెట్టారు. ఆటు వచ్చినప్పుడు తూము ఎత్తితే అంతా సముద్రంలోకి పోయింది. చెరువు కడిగారు, మళ్ళీ మొదలు. ఒక చెరువు నానుతుంటే ఇంకోటి ఖాళీ అయ్యేది. జూన్ 3న మొదలుపెట్టి 25న ముగించారు. 23,76,254 జిన్లు, వెయ్యి టన్నులకి పైమాటే. పని దిగే కూలీల్ని బట్టలు విప్పించి తనిఖీ చేశారు. కొంచెం దొంగిలించబోయినవాడికి మరణశిక్ష వేశారు. అది నాకు మింగుడుపడలేదు, అయినా జరిగింది చెప్పాలి. అమెరికా మిషనరీ ఎలైజా బ్రిడ్జ్‌మన్ వచ్చి దగ్గరుండి చూసి, పని ఇంత కచ్చితంగా జరుగుతుందని ఊహించలేదని రాశాడు.

ఇంకో సంగతి నన్ను కదిలించింది. పని మొదలుపెట్టే ముందు లిన్ సముద్ర దేవుడికి పూజ చేశాడు. ఈ విషం నీలో కలుపుతున్నాం, నీ నీళ్ళలోని ప్రాణుల్ని కొన్నాళ్ళు దూరంగా పొమ్మను అని వేడుకున్నాడు. మా ఊరి వైపు గంగమ్మకి చెప్పుకున్నట్టే ఉంది. చేపల గురించి కూడా ఆలోచించిన మనిషి!

గట్టు మీద కూర్చుని తమ్ముడు లిచీ పళ్ళు ఒలిచి పెట్టాడు. జూన్‌లో ఇక్కడ ఎక్కడ చూసినా అవే. ఈ చెరువులో కరిగిన ఉండల్లో ఎన్ని ఘాజీపూర్ రైతు చేతి మీదుగా వచ్చాయో అని అడిగాను వాణ్ణి. వాడేం చెప్తాడు పాపం.

ఐదో రోజు: కోటలు

ముందు వెయ్‌యువాన్ కోట. నెత్తి మీద హూమెన్ వంతెన, దాని మీద లారీల మోత. ఆ కాలంలో కాంటన్‌కి పోయే పెర్ల్ నదికి అడ్డంగా ఇనుప గొలుసు కట్టి ఓడల్ని ఆపాలని చూశారు. ఫిరంగి గూళ్ళలో దూరి చూస్తే అసలు లోపం మనకే తెలుస్తుంది. ఫిరంగి ఒకే వైపు చూస్తుంది, పక్కకి తిప్పలేరు. ఇక్కడి సేనాని గ్వాన్ తియన్‌పెయ్ 1841 ఫిబ్రవరి 26న పోరాడుతూనే చనిపోయాడు.

మధ్యాహ్నం శాజియావో. ఇంగ్లీషు రాతల్లో దీని పేరు చువెన్‌పీ. ఇక్కడ రెండుసార్లు యుద్ధం జరిగింది. మొదటిది వింతైనది. లిన్ అడిగిన హామీపత్రం రాయవద్దని ఇలియట్ బ్రిటిష్ ఓడల్ని ఆపాడు. థామస్ కూట్స్ అనే ఓడ కెప్టెన్ మాత్రం, నా దగ్గర నల్లమందు లేనప్పుడు సంతకానికేం అని సంతకం చేసి లోపలికి పోయాడు. రాయల్ సాక్సన్ అనే ఇంకో ఓడా అదే పని చేయబోతే, 1839 నవంబర్ 3న బ్రిటిష్ యుద్ధనౌకలకి, చైనా పడవలకి కాల్పులు మొదలయ్యాయి. నిజాయితీగా వ్యాపారం చేస్తానన్న ఓడ చుట్టూ ఆ తగువు. లిన్ విక్టోరియా రాణికి రాసిన ఉత్తరాన్ని కూడా ఆ థామస్ కూట్స్ కెప్టెనే లండన్ తీసుకుపోయాడు. విదేశాంగ శాఖ పుచ్చుకోలేదు.

రెండోది 1841 జనవరి 7న. ఇక్కడ చనిపోయిన 75 మంది చైనా సైనికుల ఉమ్మడి సమాధి ఉంది. సమాధి ముందు చెప్పులు విప్పి నిలబడ్డాను. ఎందుకంటే ఆ రోజు ఒడ్డున దిగిన సేనలో బ్రిటిష్ పటాలాలతో పాటు 37వ మద్రాసు నేటివ్ ఇన్‌ఫాంట్రీ ఉంది. మద్రాసు సైన్యంలో మన తెలుగువాళ్ళు చాలామంది. ఉత్తరాది జనం సిపాయిని "తిలంగా" అని పిలవడానికి కారణం అదే. మా విజయనగరంలో కంటోన్మెంట్ అనే పేట పేరు ఇప్పటికీ ఉంది, రోజూ దాని మీదుగానే బడికి పోతాను.

ఆరో రోజు: గ్వాంగ్‌జౌ

కాంటన్ అంటే ఈ గ్వాంగ్‌జౌవే. విదేశీ కోఠీలు 1856లో తగలబడిపోయాయి. ఆ చోట ఇప్పుడొక పార్కు, పక్కన బట్టల హోల్‌సేల్ దుకాణాలు, వీధికి మాత్రం "పదమూడు కోఠీలు" అన్న పాత పేరు. 1839లో మూడు వందల యాభై మంది విదేశీయులు ఆరు వారాల పైన ఇక్కడే నిర్బంధంలో ఉన్నారు. ఆ కాసింత చోటు నడవడానికి పది నిమిషాలు పట్టింది.

తర్వాత మెట్రో ఎక్కి సాన్‌యువాన్‌లి వెళ్ళాం. పాత గుడిలో చిన్న మ్యూజియం. 1841 మే నెలాఖరున ఇక్కడి పల్లెల జనం పారలు, బల్లేలు పట్టుకుని బ్రిటిష్ సేన మీదికి వచ్చారు. కుండపోత వాన. 37వ మద్రాసు పటాలంలో ఒక కంపెనీ, అరవైమంది దాకా, దారి తప్పి విడిపోయారు. మందుగుండు తడిసి తుపాకులు పేలలేదు. చతురస్రంగా నిలబడి బయొనెట్లతో కాచుకున్నారు. చీకటి పడ్డాక, వానలోనూ పేలే కొత్త తుపాకులతో నావికా సైనికులు వచ్చి వాళ్ళని బయటికి తెచ్చారు. చైనా వెళ్ళిన మద్రాసు పటాలాలకి తర్వాత డ్రాగన్ బొమ్మ చిహ్నంగా ఇచ్చారు. యుద్ధం ఓడిపోయి చేసుకున్న ఒప్పందంలో చైనా కట్టిన 2 కోట్ల 10 లక్షల డాలర్లలో 60 లక్షలు హూమెన్ చెరువుల్లో కరిగిన మందు ఖరీదు. లిన్‌ని అప్పటికే పదవి నుంచి తీసేసి పడమటి కొస షిన్‌జియాంగ్‌కి పంపేశారు.

బురదలో నిలబడ్డ ఆ అరవైమందిలో మా జిల్లావాడు ఒక్కడైనా ఉండి ఉంటాడా? ఎవరి పొలంలో పండినదాని కోసం, ఎవరి లాభం కోసం, ఎవరి మీద బయొనెట్ ఎత్తాడో అతనికి ఎవరైనా చెప్పారా? జీతం కోసం వచ్చిన మనిషి మీద నాకు కోపం రాలేదు. దుఃఖం వచ్చింది.

బయట అరుగు మీద ఒక పెద్దాయన విసనకర్రతో కూర్చున్నాడు. ఎక్కడి నుంచి అని అడిగాడు. ఇండియా అని తమ్ముడు చెప్పాడు. "ఇక్కడికొచ్చిన సైనికుల్లో మావాళ్ళూ ఉన్నారని చెప్పరా" అన్నాను. వాడు ఒక క్షణం తటపటాయించి చెప్పాడు. పెద్దాయన నా వైపు చూశాడు, తల ఊపాడు. తర్వాత ఆకాశం చూపిస్తూ ఏదో అన్నాడు.

"ఏమంటున్నారు?"

"వానొస్తోంది, తడుస్తారు, లోపలికి వచ్చి కూర్చోమంటున్నారక్కా."